ఆ నలభై కంప్యూటర్లను అమ్మే ముందు ఒక్క మాట

మన సీఎస్‌ఈ బ్లాక్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, జిరాక్స్ షాపు దాటాక ఎడమ చేతి వైపు ఒక స్టోర్ రూమ్ ఉంది. ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది కాబట్టి మీలో చాలామంది అది కరెంటు ప్యానెళ్ల గది అనుకుని ఉంటారు. ఫస్టియరంతా నేనూ అదే అనుకున్నా. లోపల నలభై పాత డెస్క్‌టాప్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై ల్యాబ్‌లోకి కొత్త సిస్టమ్స్ వచ్చాక వీటిని కిందికి దించి, ఒక్కోదాని మీద మార్కర్‌తో 'కండెమ్డ్' అని రాసి పెట్టారు. ఈ సెమిస్టర్ అయిపోయేలోగా స్క్రాప్ కింద అమ్మేస్తారని విన్నాను.

అన్నీ అమ్మకండి, ఒక పదహారు మాకు ఉంచండి అని అడగడానికే ఈ వ్యాసం. అడుగుతున్నది కాలేజీనే అయినా, చదవాల్సింది మీరు కూడా. ఎందుకంటే "వాటితో ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేవాళ్లు నలుగురికంటే ఎక్కువమంది ఉండాలి.

ముందే ఒప్పేసుకుంటున్నా. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ప్యారలల్ కంప్యూటింగ్‌ని తెలుగులో 'సమాంతర గణన' అంటారని మొన్ననే తెలిసింది. కాబట్టి ల్యాబ్‌లో మనం మాట్లాడుకునే భాషలోనే రాస్తున్నా. ఎడిటర్ అక్క దిద్దగలిగినంత దిద్దింది.

ఐదుకు ఐదు మార్కులు

గత సెమిస్టర్ మిడ్‌లో క్లస్టర్ కంప్యూటింగ్ మీద ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. డెఫినిషన్, ఒక బొమ్మ, నాలుగు లాభాలు, మూడు నష్టాలు రాశా. ఐదుకు ఐదూ పడ్డాయి. ఆ ఆదివారం ఇంటికి వెళ్తే మా మావయ్య వచ్చి ఉన్నాడు. ఆయన పెళ్లిళ్లకు వంట మేస్త్రి. "ఏం చదువుతున్నావురా అల్లుడూ ఈమధ్య?" అన్నాడు. "క్లస్టర్లు మావయ్యా" అని మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గర ఆగిపోయా. ఇంగ్లీషు డెఫినిషన్‌ని పక్కన పెడితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు తెలుగు రాకపోవడం వల్ల అనుకున్నా మొదట. రాత్రి పడుకున్నాక అర్థమైంది, నాకు రానిది విషయమే. క్లస్టర్ అనేదాన్ని నేను ఎప్పుడూ చూడలేదు, ముట్టుకోలేదు. మా క్లాసులో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు అడిగితే ఇలా చెప్తా. ఒక పెద్ద పనిని ముక్కలు చేయాలి. మామూలు కంప్యూటర్లను కేబుల్స్‌తో కలిపి, తలా ఒక ముక్క ఇవ్వాలి. అవన్నీ ఒకేసారి పని చేస్తాయి. చివర్లో అందరి జవాబులూ ఒకచోట చేర్చాలి. అంతే. ఇంత చిన్న మాటలో ఎన్ని తిప్పలున్నాయో తర్వాత చెప్తా.

పాత పీసీలతో పెద్ద పనులు చేసినవాళ్లు

1994లో అమెరికాలో నాసా వాళ్ల గొడార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు ఒక మెషీన్ కట్టారు. భూమి గురించి, అంతరిక్షం గురించి పరిశోధించే సైంటిస్టులకు పెద్ద పెద్ద లెక్కలుండేవి. సూపర్ కంప్యూటర్ల ధర అందనంత ఎత్తులో ఉండేది. వీళ్లిద్దరూ షాపులో దొరికే 486 పీసీలు పదహారు తీసుకున్నారు. ఒక్కోదాని స్పీడు 100 మెగాహెర్ట్జ్. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్ ముందు అది లెక్కలోకి రాదు. వాటిని మామూలు ఈథర్‌నెట్‌తో కలిపి, అప్పటికి మూడేళ్ల పిల్లవాడైన లైనక్స్‌ని వాటి మీద వేశారు.

అప్పట్లో ఈథర్‌నెట్ వేగం 10 మెగాబిట్లు. పదహారు మెషీన్లు మాట్లాడుకోవడానికి అది చాలలేదు. మంచి స్విచ్ కొనాలంటే డబ్బు చాలలేదు. అందుకని ఒక్కో మెషీన్‌కి ఒకటికంటే ఎక్కువ నెట్‌వర్క్ కార్డులు పెట్టి, డేటాని రెండు దారుల్లో పంచి పంపేలా బెకర్ లైనక్స్ డ్రైవర్లను మార్చి రాశాడు. ఒక రోడ్డు ఇరుకైతే పక్కన ఇంకో రోడ్డు వేసినట్టు. ఆ మెషీన్‌కి 'బేవుల్ఫ్' అని పేరు పెట్టారు. అది పాత ఇంగ్లీషు వీరగాథలోని హీరో పేరు. అతని పిడికిలిలో ముప్పై మంది బలం ఉంటుందట. ఈ తరహా క్లస్టర్లన్నిటికీ ఆ తర్వాత అదే పేరు నిలిచిపోయింది.

ఆ తర్వాత 1997లో, లాస్ అలమోస్‌లోని 'లోకి', కాల్‌టెక్‌లోని 'హైగ్లాక్' అనే రెండు బేవుల్ఫ్ క్లస్టర్లు గోర్డన్ బెల్ ప్రైజ్ గెలిచాయి. పెట్టిన డబ్బుకి ఎంత పని జరిగింది అనే విభాగంలో. రెండూ పదహారేసి పెంటియం ప్రో మెషీన్లే.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇంకొకటుంది. అదే దశాబ్దంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబరేటరీలో విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు క్లస్టర్ కొనడానికి నిధులు అడిగారు. ఇవ్వలేదు. అప్పుడు వాళ్లు ల్యాబ్‌లో అందరూ తీసి పడేస్తున్న పాత పీసీలను అడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక జానపద కథలో ఒకడు ఊళ్లోకి వచ్చి కుండలో రాయి వేసి చారు కాస్తున్నానంటాడు. "కాస్త క్యారెట్ పడితే ఇంకా బాగుంటుంది, కాస్త ఉప్పు ఉంటే ఇంకా బాగుంటుంది" అంటుంటే ఊరివాళ్లు తలా ఒకటి తెచ్చి వేస్తారు, చివరికి నిజంగానే చారు తయారవుతుంది. ఆ కథ పేరు మీదే వీళ్లు తమ మెషీన్‌ని 'స్టోన్ సూపర్‌కంప్యూటర్' అన్నారు. సూప్‌ని సూపర్‌లో కలిపేసి. అది పెరిగి పెరిగి నూట ముప్పై మెషీన్ల దాకా వెళ్లింది. అలాస్కా, హవాయి తప్ప మిగతా అమెరికా అంతటినీ ఒక్కో చదరపు కిలోమీటరు గడులుగా కోసి, వాతావరణాన్నీ మట్టినీ బట్టి ఒకేలాంటి ప్రాంతాలను కలిపి మ్యాప్ తయారుచేశారు. దాదాపు 78 లక్షల గడులు. ఆ లెక్క చేసింది ఎవరికీ అక్కర్లేదని పక్కన పెట్టిన కంప్యూటర్లు.

మన దేశానికీ ఇలాంటి చరిత్రే ఉంది. 1980ల్లో వాతావరణ అంచనాల కోసం మనం క్రే సూపర్ కంప్యూటర్ అడిగితే, అడిగినంత శక్తి ఉన్న మోడల్ ఇవ్వడానికి అమెరికా ఒప్పుకోలేదు, తక్కువది ఇచ్చింది. 1988లో పుణేలో సీ-డాక్ పెట్టారు. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991కల్లా 'పరమ్ 8000' తయారైంది. దానికి ముందే, 1986లో, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ వాళ్లు ఇంటెల్ 8086 చిప్‌లను కలిపి 'ఫ్లోసాల్వర్' కట్టారు. ఇవి పీసీలను కలిపినవి కాదు. కానీ ఆలోచన అదే. ఒక్క పెద్ద ప్రాసెసర్ దొరకనప్పుడు చిన్నవాటిని చాలా కలుపుకోవడం.

ఇప్పుడు ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లలో ఎక్కువ భాగం క్లస్టర్లే. 2017 నవంబర్ నుంచి ఆ లిస్టులో ఉన్న ఐదు వందలూ నడిచేది లైనక్స్ మీదే. అంటే మన స్టోర్ రూమ్‌లోని పాత డబ్బాల మీద నేర్చుకునే కమాండ్లు ఎక్కడికెళ్లినా పనికొస్తాయి.

మూడు వారాల కథ

ఈ సెమిస్టర్ మొదట్లో, పై ల్యాబ్‌లో కొత్త సిస్టమ్స్ బిగించేదాకా, ల్యాబ్ అసిస్టెంట్ అన్న మాకు ఎనిమిది పాత మెషీన్లు వాడుకోనిచ్చాడు. "ఏదైనా కాలిపోతే నా పేరు చెప్పొద్దు" అన్నాడు. ఏమీ కాలలేదు. మేం నలుగురం. నేను, నా ఇద్దరు రూమ్మేట్లు, ఈసీఈ నుంచి ఒక ఫ్రెండ్. మాలో కేబుల్ క్రింపింగ్ వచ్చింది ఆ అమ్మాయి ఒక్కదానికే.

మొదటి వారం కేబుళ్లకే అయిపోయింది. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. ఈ వరస నాకు ఎక్కాల కంటే బాగా వచ్చేసింది. మొదట క్రింప్ చేసిన ఆరు కేబుళ్లలో నాలుగు పని చేయలేదు. రెండు నా చేతివే అని ఆ అమ్మాయి ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

రెండో వారం వింత వింత సమస్యలు. ఒక మెషీన్‌లో మదర్‌బోర్డు మీద ఉండే నాణెం లాంటి సెల్ అయిపోయింది. ఆన్ చేసిన ప్రతిసారీ దాని తేదీ 2009 జనవరి 1కి వెళ్లిపోయేది. మా ఫైళ్లన్నీ మెయిన్ మెషీన్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉండేవి. ఈ మెషీన్ వాటిని చూసి "ఇవి భవిష్యత్తులో తయారైన ఫైళ్లు" అని వార్నింగ్ ఇచ్చేది. ఒక సాయంత్రమంతా మా కోడ్‌లో తప్పు వెతికాం. చివరికి వాచీల షాపులో కొన్న సెల్‌తో సరిపోయింది. ఇంకో మెషీన్‌లో ఎంపీఐ వెర్షన్ వేరే. ఎంపీఐ అంటే మెషీన్లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకోవడానికి 1994లోనే వచ్చిన ఒక ఒప్పందం లాంటిది, ఇప్పటికీ అదే వాడతారు. ఏడు మెషీన్లు ఒక మాట మాట్లాడుతుంటే ఎనిమిదోది ఇంకో యాస మాట్లాడింది. ఏ ఎర్రరూ చూపించకుండా ప్రోగ్రామ్ అలా నిలబడిపోయేది.

మూడో వారంలో మొదటి ప్రోగ్రామ్ నడిచింది. చతురస్రంలో గుడ్డిగా చుక్కలు వేసి, ఎన్ని వృత్తంలో పడ్డాయో లెక్కపెట్టి పై విలువ కనుక్కోవడం. ఒక మెషీన్ మీద 80 సెకన్లు పట్టింది. ఎనిమిదింటి మీద 11 సెకన్లు. రాత్రి ఎనిమిదింటికి ల్యాబ్‌లో అరిచాం, వాచ్‌మన్ వచ్చి తిట్టాడు.

ఆ ఊపులో రెండు పెద్ద మ్యాట్రిక్స్‌లు గుణించే ప్రోగ్రామ్ రాశాం. 2000 వరసలు, 2000 నిలువులు. ఒక మెషీన్ మీద 20 సెకన్లు. ఎనిమిది మెషీన్ల మీద పెట్టాం. 25 సెకన్లు.

మళ్లీ నడిపాం. 25. ఇంకోసారి. 25.

ఎనిమిది మంది కలిసి చేస్తే ఒక్కడు చేసినదానికంటే ఆలస్యమైంది. నేను ఐదు మార్కుల జవాబులో నష్టాల కింద 'కమ్యూనికేషన్ ఓవర్‌హెడ్' అని రాసే ఉన్నాను. దాని అర్థం ఆ రాత్రి తెలిసింది.

మావయ్య చెప్పిన లెక్క

మర్నాడు మావయ్యకు ఫోన్ చేశా. ఈసారి డెఫినిషన్ చెప్పలేదు. "మావయ్యా, ఎనిమిది మందిని వంటకు పెడితే పని ఒక్కడికంటే ఆలస్యం అవుతుందా?" అని అడిగా.

"ఎందుకవదు?" అన్నాడు వెంటనే. "కూరగాయల బుట్ట ఒకటే, పంచేవాడు ఒకడే అయ్యాడనుకో. వాడు ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి పంచుతుంటే మిగతావాళ్లు కత్తిపీట ముందేసుకుని కూర్చుంటారు. తరగడం ఎంతసేపురా, పంచడానికే పొద్దు గడుస్తుంది."

మా ప్రోగ్రామ్‌లో జరిగింది అచ్చం ఇదే. ఆ మ్యాట్రిక్స్ ఒక్కోటి 32 మెగాబైట్లు, అంటే 256 మెగాబిట్లు. మా పాత స్విచ్ సెకనుకు 100 మెగాబిట్లే పంపగలదు. అంటే ఒక మెషీన్‌కి పంపడానికి రెండున్నర సెకన్లు పైమాటే. రెండో మ్యాట్రిక్స్ మొత్తం అందరికీ కావాలి. మెయిన్ మెషీన్ దాన్ని మిగతా ఏడింటికీ ఒకదాని తర్వాత ఒకటి పంపుతోంది. అక్కడే 18 సెకన్లు పోయాయి. మొదటి మ్యాట్రిక్స్ ముక్కలు పంచడానికీ, జవాబులు వెనక్కి తెచ్చుకోవడానికీ ఇంకో నాలుగైదు. అసలు గుణకారానికి పట్టింది రెండున్నర సెకన్లు!

దీన్ని పంచే పద్ధతి మార్చాం. ఊళ్లో వార్త ఎలా పాకుతుంది? ఒకడు ఇంకొకడికి చెప్తాడు. ఇద్దరూ చెరొకరికి చెప్తారు. ఆ నలుగురూ ఇంకో నలుగురికి. మూడు విడతల్లో ఎనిమిది మందికీ తెలిసిపోతుంది. ఎంపీఐలో దీనికి 'బ్రాడ్‌కాస్ట్' అని ఒక్క ఫంక్షన్ ఉంది. మేం ఏడు సార్లు విడివిడిగా పంపే లూప్ తీసేసి ఆ ఒక్క లైన్ పెట్టాం. 25 కాస్తా 15 సెకన్లయింది. ఒక్క లైన్. పాఠంలో ఆ ఫంక్షన్ పేరు బట్టీ పట్టాను కానీ, అది ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది.

మావయ్య ఇంకో మాట కూడా అన్నాడు. "ఎంతమంది తరిగినా, ఎసరు మరగాల్సినంతసేపు మరగాల్సిందే కదరా." దీన్నే 1967లో జీన్ ఆమ్‌డాల్ లెక్కగా రాశాడు. పనిలో పదో వంతు ముక్కలు చేయడానికి వీల్లేనిదైతే, ఎన్ని వేల మెషీన్లు పెట్టినా వేగం పది రెట్లు దాటదు. పదహారు పెడితే వచ్చేది 6.4 రెట్లే. మరి ఇన్ని మెషీన్లు ఎందుకు? దీనికి జవాబు 1988లో జాన్ గుస్తాఫ్సన్ చెప్పాడు. మెషీన్లు పెరిగితే మనం చేసే పనీ పెద్దదవుతుంది, అప్పుడు పంచలేని భాగం వాటా తగ్గిపోతుంది. మావయ్య భాషలో చెప్పాలంటే, పదహారు మంది వంటవాళ్లను పెట్టేది ఇంట్లో నలుగురి భోజనానికి కాదు, పదిహేను వందల మంది పెళ్లికి.

ఫోన్ పెట్టేసే ముందు "మొన్న చెప్పబోయింది ఇదేనా?" అన్నాడు. అవునన్నా. "మరి మొన్నే చెప్పొచ్చుగా" అన్నాడు.

నాలుగో వారం మొదట్లో కొత్త సిస్టమ్స్ వచ్చాయి. మా ఎనిమిదీ వైర్లు పీకేసి కిందికి దించారు. కేబుళ్లు మాత్రం నా మంచం కింద ఉన్నాయి.

మీరు అడగబోయే ప్రశ్నలు

"ఒక్క కొత్త గ్రాఫిక్స్ కార్డు మీ పదహారునీ మింగేస్తుంది కదా?" అవును, మింగేస్తుంది. స్పీడు కోసమే అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. నేను అడుగుతున్నది నేర్చుకోవడానికి.

"నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ చాలదా? దానిలోనే ఎనిమిది కోర్లున్నాయి, ఎంపీఐ దాని మీద కూడా నడుస్తుంది." ఇది గట్టి ప్రశ్న. మొదట ల్యాప్‌టాప్ మీదే మొదలుపెట్టండి, నేనూ అదే చేశా. కానీ ఆ ఎనిమిది కోర్లూ ఒకే మెమరీ దగ్గర కూర్చుని ఉంటాయి. మెసేజ్ పంపడం అంటే పక్క బల్ల మీదికి కాగితం జరపడమే. మా తప్పు ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా, వేగంగా నడిచింది. అందులో తప్పుందని మాకు చెప్పింది ఆ పాత స్విచ్చే.

"క్లౌడ్ ఉందిగా?" ఉంది. చాలాచోట్ల అకౌంట్ తెరవగానే కార్డు నంబర్ అడుగుతుంది. అదలా ఉంచితే, క్లౌడ్‌లో ఏదైనా నెమ్మదిగా నడిస్తే ఎందుకో చూడలేం. ఇక్కడ స్విచ్ మీద లైట్లు చూస్తే తెలిసిపోతుంది. మెయిన్ మెషీన్ లైటు ఆగకుండా కొట్టుకుంటుంటే మిగతా వాటివి ఒక్కొక్కటిగా వెలిగి ఆరేవి. డేటా వరసలో నిలబడి ఉందని మొదట కనిపెట్టింది ఆ లైట్లు చూసే.

"పాత మెషీన్లు, మధ్యలో చచ్చిపోతాయి." చచ్చిపోతాయి, మాది ఒకటి రెండుసార్లు హ్యాంగ్ అయ్యి మొత్తం రన్‌ని ముంచేసింది. గూగుల్ మొదట్లో చవకైన మామూలు పీసీ భాగాలతోనే సర్వర్లు కట్టుకుంది. మెషీన్ పాడవడం రోజూ జరిగేదే అనుకుని సాఫ్ట్‌వేర్ రాశారు. 2004లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ రాసిన మ్యాప్‌రెడ్యూస్ పేపర్‌లో, చచ్చిపోయిన మెషీన్ పనిని ఇంకో మెషీన్‌కి ఎలా అప్పగించాలో ఉంటుంది. మనం దాన్ని ఫోర్త్ ఇయర్‌లో చదువుతాం. నిజంగా చచ్చిపోయే మెషీన్ ముందు కూర్చుని చదివితే ఇంకా బాగా ఎక్కుతుంది.

"కరెంటు?" మానిటర్ లేకుండా ఒక్కో మెషీన్‌కి 100 వాట్లు వేసుకుందాం. పదహారింటికి 1600 వాట్లు. శనివారం మూడు గంటలు నడిపితే ఐదు యూనిట్ల లోపే. సెమినార్ హాల్లో ఎవరూ లేనప్పుడు తిరిగే ఏసీల గురించి నేనేమీ అనను. కానీ ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. పాత మెషీన్లు చేసే పనితో పోలిస్తే కరెంటు ఎక్కువే తాగుతాయి. అందుకే రోజంతా నడపాలని అడగడం లేదు.

ఏం చేస్తామంటే

మొదటి పని మన క్లబ్‌దే. మన దగ్గర పాత ప్రింట్ సంచికల స్కాన్లు దాదాపు 600 పేజీలున్నాయి. అవి బొమ్మలుగా ఉన్నాయి కాబట్టి వాటిలో ఒక్క పదం కూడా వెతకలేం. టెసరాక్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ తెలుగు పేజీని చదివి అక్షరాలుగా మారుస్తుంది. ఆ మూడు వారాల్లో ఒక పాత మెషీన్ మీద పది పేజీలు పెట్టి చూశా. పేజీకి సుమారు 40 సెకన్లు. మొత్తానికి ఆరు గంటల నలభై నిమిషాలు. ఒక పేజీకి ఇంకో పేజీతో సంబంధం లేదు కాబట్టి పదహారు మెషీన్లకు పంచితే దాదాపు 25 నిమిషాలు. తప్పులు వస్తాయి. ముఖ్యంగా ఒత్తుల దగ్గర. అవి దిద్దడానికి మనుషులు కావాలి, అక్కడే సీఎస్‌ఈ కానివాళ్లు కూడా మాతో చేరొచ్చు. ఇరవై ఏళ్ల కిందట మన సీనియర్లు ఏం రాశారో పేరు కొడితే దొరికేలా చేద్దాం.

రెండోది, ఫెస్ట్ షార్ట్ ఫిల్మ్ వాళ్ల యానిమేషన్. ఒక్కో ఫ్రేమ్ ఒక్కో మెషీన్‌కి ఇవ్వొచ్చు. మూడోది, నాకు వ్యక్తిగతంగా బాకీ ఉన్న పని. ఆ మెషీన్లలో నెట్‌వర్క్ కార్డులు గిగాబిట్‌వే, నెమ్మదిగా ఉన్నది స్విచ్చే. గిగాబిట్ స్విచ్ పెడితే లెక్క ప్రకారం ఆ 15 సెకన్లు 4 సెకన్ల దాకా దిగాలి. అంటే ఒక మెషీన్‌కి 20 సెకన్లు పట్టిన పని. దిగుతుందో లేదో నాకు చూడాలని ఉంది.

2003లో అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ 1100 ఆపిల్ కంప్యూటర్లతో క్లస్టర్ కడితే అది ప్రపంచంలో మూడో స్థానంలో నిలిచింది. వాటిని ర్యాకుల్లో బిగించినవాళ్లలో చాలామంది పిజ్జా కోసం వచ్చిన స్టూడెంట్ వాలంటీర్లే. మనకు 1100 అక్కర్లేదు. పిజ్జా లేకపోయినా క్యాంటీన్ సమోసాలు చాలు.

కాబట్టి కాలేజీని అడుగుతున్నవి నాలుగే. పదహారు మెషీన్లు. ఆ స్టోర్ రూమే, తాళం చెవితో సహా, శనివారాలు మధ్యాహ్నం. ఒక ఫ్యాకల్టీ సంతకం. ఒక 24 పోర్టుల గిగాబిట్ స్విచ్. ఈ చివరిది కుదరకపోతే మేమే చందాలు వేసుకుంటాం. మిగిలిన ఇరవై నాలుగూ నిరభ్యంతరంగా పంపేయండి. కాకపోతే తూకానికి కొనే స్క్రాప్ వాడికి కాకుండా, ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కి ఇవ్వండి. ఆ బోర్డుల్లో సీసం ఉంటుంది.

ఇదే విషయాన్ని లెటర్‌గా రాసి హెచ్‌ఓడీ గారికి ఇవ్వబోతున్నాం. ఇప్పటికి పదకొండు సంతకాలున్నాయి. ఏ బ్రాంచ్ వాళ్లయినా, ఏ ఇయర్ వాళ్లయినా ఫర్వాలేదు. వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటికి జిరాక్స్ షాపు పక్కన, ఆ తాళం వేసిన గది ముందు ఉంటాం. పెన్ను తెచ్చుకోండి. క్రింపింగ్ టూల్ ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా. మా దగ్గరున్నది ఆ ఈసీఈ అమ్మాయిది, నా చేతికి ఇవ్వనంటోంది.